కేన్సర్ కాదన్నాక

సికింద్రాబాద్ చర్చిల్లో పెళ్లి చేసుకునే అమ్మాయిలు ఎక్కువగా తెల్ల చీరే కట్టుకుంటారు. చీర ఏ దుకాణంలోనైనా దొరుకుతుంది. మెడ దగ్గర లేసు పెట్టిన జాకెట్టు, తల మీంచి నేల దాకా జారే ముసుగు, ముందు పూలు చల్లుకుంటూ నడిచే పిల్లలకు కుచ్చుల గౌన్లు మాత్రం కుట్టించుకోవాల్సిందే. పదిహేనేళ్ల కిందట ఈ పనికి అక్కడి కార్ఖానా పేటలో అందరూ చెప్పే పేరు జైతున్ బీ. ఐదు పూటలా నమాజు చదివే మనిషి. ఏ చర్చి గుమ్మమూ ఎక్కి ఎరగదు. కానీ పెళ్లికూతుర్ని నిలబెట్టి, లోపల నడిచే దారి ఎంత పొడుగు, మెట్లున్నాయా, పక్కన పట్టుకుని నడిచేది నాన్నా, అన్నా, ఇవన్నీ అడిగి తెలుసుకున్నాకే కత్తెర చేతికి తీసుకునేది.

పుట్టింది నల్గొండ వైపు. ఇంట్లో మాట్లాడేది తెలుగే, మధ్యమధ్య ఉర్దూ దొర్లేది. భర్త షంషీర్ నీళ్ల మోటార్లు బాగుచేసేవాడు. ఒక్కతే కూతురు, బానో. రెండు గదుల ఇంట్లో ముందు గదంతా కుట్టుపనికే పోయింది. కిటికీ దగ్గర కాలితో తొక్కే పాత మిషన్ ఉండేది. మోటారు పెట్టిస్తానని షంషీర్ ఎన్నోసార్లు అన్నాడు. జైతున్ బీ ఒప్పుకోలేదు.

"తెల్ల సాటిన్ మీద మోటారు నా మాట వినదు. నా కాలైతే వింటది," అనేది.

కత్తెర పక్కనే ఉన్నా దారాన్ని పళ్లతో తెంపడం ఆమెకు అలవాటు. ఎడమ వైపు దవడ పళ్ల మధ్య పెట్టి తల కొంచెం తిప్పితే పుటుక్కున తెగేది. 2004 వానాకాలంలో ఒక మధ్యాహ్నం అలాగే కొరికితే దారం తెగలేదు, పన్ను కదిలింది. నొప్పేమీ లేదు. నాలుకతో తడిమి చూసుకుంటే పంటి కింద చిగురు గట్టిగా ఉబ్బి ఉంది.

సందు చివర పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్తే కదిలే పన్ను తీసేశాడు. పన్ను పోయింది గానీ వాపు పోలేదు. చలికాలం వచ్చేసరికి చెవి కింద నుంచి గడ్డం వైపు, దవడ పొడుగునా నిమ్మకాయంత లావు తేలింది. నీళ్లు పట్టుకునే చోట ఒకామె "పాన్ నములుతవా?" అని అడిగింది. జైతున్ బీ ఎప్పుడూ పాన్ ముట్టలేదు. ఇంకొకామె తన మేనమామకు నోట్లో కేన్సర్ వచ్చిందనీ, మొదట ఇట్లాగే ఉండేదనీ చెప్పుకొచ్చింది. ఆ రోజు నుంచి జైతున్ బీ దుపట్టా కొసను చెంప మీదికి లాక్కుని పిన్ను పెట్టుకోవడం మొదలుపెట్టింది.

దాని గురించి మొదట నిలదీసి అడిగింది డోరా టీచరు. డోరా వాళ్లది గుంటూరు నుంచి వచ్చి సికింద్రాబాద్‌లో స్థిరపడిన క్రైస్తవ కుటుంబం. ఆమె ఒక మిషన్ స్కూల్లో లెక్కలు చెప్పేది. ఇంట్లో ఏ పెళ్లయినా, క్రిస్మస్ అయినా బట్టలు జైతున్ బీ దగ్గరికే వచ్చేవి. క్రిస్మస్ ముందు జాకెట్టు కొలతకు వచ్చినప్పుడు, జైతున్ బీ ముఖం పక్కకు తిప్పుకునే పిన్నులు గుచ్చడం చూసింది.

"ఏంటది చెంప మీద?"

"పన్ను తీపిచ్చిన టీచరమ్మా. జెర వాపుంది. పోతది."

"ఎప్పుడు తీయించావు?"

జైతున్ బీ ఇంకో పిన్ను గుచ్చింది. డోరా చెయ్యి చాచి దుపట్టా పిన్ను తానే తీసింది. చూసింది. పిన్ను మళ్లీ పెట్టి, "రేపు స్కూలుకి సెలవు పెడతాను. పొద్దున్నే తయారుగా ఉండు," అని మాత్రం అంది.

పెద్ద దవాఖానాలో దవడల ఆపరేషన్లు చేసే డాక్టరు పేరు లీలాకుమారి. నెమ్మదిగా మాట్లాడే మనిషి. జైతున్ బీ దవడను లోపలా బయటా వేళ్లతో నొక్కి చూసింది. ఒకచోట ఎముక గుడ్డు పెంకులా పలచబడి వేలి కింద లోపలికి దిగింది. ఆ తర్వాత తల చుట్టూ తిరిగే మిషన్‌తో ఎక్స్‌రే తీయించింది. రెండు దవడలూ ఒకే పొడవాటి ఫిల్ములో వచ్చాయి. డాక్టరు దాన్ని లైటు పెట్టె మీద పెట్టి చూపించింది. కుడి వైపు ఎముక తెల్లగా నిండుగా ఉంది. ఎడమ వైపు సబ్బు నురుగులో బుడగల్లా గదులు గదులుగా, నల్లగా ఉంది.

"సూదితో లోపల నీరుందేమో చూస్తాను. లేకపోతే చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలి. అది వచ్చేదాకా ఇది ఫలానా అని నేను చెప్పలేను," అంది.

సూదికి నీరు రాలేదు. ముక్క తీసి పంపారు.

ఫలితం కోసం చూసిన ఆ రోజుల్లో జైతున్ బీ బానోకు లేసు కత్తిరించడం నేర్పింది. అంతకుముందు లేసు మీద ఎవర్నీ చెయ్యి వేయనిచ్చేది కాదు. ఎందుకు నేర్పుతోందో తల్లీ చెప్పలేదు, కూతురూ అడగలేదు. షంషీర్ మోటార్లు విప్పేవాడు గానీ మళ్లీ బిగించడానికి చేతులు వచ్చేవి కావు.

ఫలితం వచ్చిన రోజు ముగ్గురూ వెళ్లారు: భార్యాభర్తలు, డోరా. డాక్టరు మొదటి మాటే, "ఇది కేన్సర్ కాదు," అంది. షంషీర్ కుర్చీలోంచి లేచి రెండు చేతులూ పైకెత్తి అల్లాకు షుక్రియా చెప్పుకున్నాడు. జైతున్ బీ దుపట్టాలో ముఖం దాచుకుని ఏడ్చింది. డోరా ఆమె వీపు నిమురుతూ కూర్చుంది.

వాళ్లు కాస్త తేరుకున్నాక డాక్టరు మిగతాది చెప్పింది. పళ్లు పుట్టించే కణాలు కొన్ని ఎముకలో మిగిలిపోయి ఇలా పెరుగుతాయనీ, దీన్ని అమెలోబ్లాస్టోమా అంటారనీ అంది. కేన్సర్‌లా ఒంట్లో వేరేచోటికి పాకదు. కానీ ఉన్నచోట ఆగదు, ఎముకను తింటూ పోతుంది.

"గీకి తీసేస్తే పోదా డాక్టరమ్మా?" అని షంషీర్ అడిగాడు.

"పోయినట్టే ఉంటుంది. చుట్టూ ఎముక సందుల్లో కంటికి కనపడనివి మిగులుతాయి. కొన్నేళ్లకు మళ్లీ వస్తుంది, ఇంకా పెద్దగా. అందుకని దవడ ఎముకలో ఆ భాగాన్ని, పక్కన కొంచెం మంచి ఎముకతో సహా తీసేయాలి. ఖాళీ వదిలేయం. కాలి నుంచి ఎముక తెచ్చి అక్కడ అమరుస్తాం."

జైతున్ బీ తలెత్తింది. "కాలి నుంచా?"

"అవునమ్మా, మోకాలి కింద నుంచి. కంగారు పడకండి, నడక బాగానే ఉంటుంది."

బయట వరండాలో జనం ఎదురుచూస్తున్నారు. డాక్టరు ఆపరేషన్‌కు పేరు రాయించుకుని రమ్మంది. జైతున్ బీ తల ఊపింది. మెట్లు దిగింది. పేరు రాయించలేదు.

ఆ సాయంత్రం ఇంట్లో సొరకాయ ఖీర్ వండి సందంతా పంచారు. కేన్సర్ కాదని అందరికీ చెప్పారు. పండగలా ఉంది ఇల్లు. అందరూ వెళ్లాక షంషీర్ ఆపరేషన్ మాటెత్తితే జైతున్ బీ గిన్నెలు తోముతూ, "కేన్సర్ కాదన్నరు గద. నొప్పి సుత లేదు. మంచిగున్న ముఖాన్ని ఎందుకు కోపిచ్చుకోవాలె?" అంది. నిజానికి షంషీర్‌కు కూడా ఆ మాటే వినాలని ఉంది. ఇంక ఒత్తిడి చేయలేదు.

డోరా వదల్లేదు. వచ్చినప్పుడల్లా అడిగేది. జైతున్ బీ ఒకసారి యునానీ మందు వాడుతున్నానంది, ఒకసారి తగ్గుతోందంది. ఆ తర్వాత కుట్టిన బట్టలు బానో చేత డోరా ఇంటికే పంపడం మొదలుపెట్టింది. డోరాకు మనసు కష్టమైంది. అయినా బట్టలు వేరే చోట ఇవ్వలేదు.

అలా మూడేళ్లు కావొచ్చాయి. వాపు నారింజపండంత అయింది. జైతున్ బీ ముఖం కప్పే నఖాబ్ వేసుకోసాగింది. అంతకుముందు తల మీద దుపట్టాతోనే ఊరంతా తిరిగిన మనిషి. సందులో ఆడవాళ్లు ఆమెకు భక్తి పెరిగిందనుకున్నారు. ఒకరిద్దరు దువా చేయమని పిల్లల్ని కూడా తీసుకొచ్చారు. ఆమె చేసేది. వాళ్లు వెళ్లాక చాలాసేపు మిషన్ తొక్కేది కాదు.

2007 ఆఖర్లో బక్రీద్ వచ్చింది. మెత్తగా ఉడికిన ముక్కే నోట్లో పెట్టుకుంది. నమలబోతే దవడలో గుండీ తెగినట్టు చప్పుడైంది. ఆ చప్పుడు పక్కన కూర్చున్న బానోకూ వినపడింది. కింది పళ్ల వరుస ఒకచోట విరిగి, ఒక పక్క పైకి, ఒక పక్క కిందికి అయింది. ఈసారి నొప్పి కూడా తెలిసింది. షంషీర్ పండగ బట్టల మీదే డోరా ఇంటికి పరిగెత్తాడు. డోరా ఏమీ దెప్పలేదు. చెప్పులు వేసుకుని వచ్చి ఆటోలో కూర్చుంది.

లీలాకుమారి డాక్టరు చూసి, విరిగిన ఎముక కదలకుండా పళ్లకు తీగ కట్టి, నొప్పికి మందిచ్చింది. జైతున్ బీ చీవాట్ల కోసం ఎదురుచూస్తోంది. డాక్టరు కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది.

"అమ్మా, మీరు ఆ రోజు పేరు రాయించకుండా వెళ్లిపోయారు. ముఖం పాడవుతుందని భయపడ్డారా?"

జైతున్ బీ తల అడ్డంగా ఊపింది. పళ్ల మధ్య నుంచే ముద్దగా మాట్లాడింది. "ముఖం కాదు డాక్టరమ్మా. కాలు."

"కాలా?"

"మీరు కాలి ఎముక తీస్తనన్నరు. నాది మిషన్ తొక్కే పని. ఎముక లేని కాలుతో ఎట్ల తొక్కుత? ముఖం ఎట్లున్నా కప్పుకుంట. పని పోతే ఏం చేస్త?"

షంషీర్ ఆమె వైపు తిరిగాడు. ఇన్నేళ్లలో ఈ మాట అతనికి కూడా చెప్పలేదు.

"మీరేం పని చేస్తారో నేను అడిగి ఉండాల్సింది," అంది డాక్టరు.

తర్వాత తన కాలే చూపించి చెప్పింది. మోకాలి కింద రెండు ఎముకలుంటాయి. ముందున్న లావుదే ఒంటి బరువు మోస్తుంది. బయటి వైపు సన్నది ఇంకొకటి ఉంటుంది. దాన్ని మధ్యలో నుంచే తీస్తారు, మోకాలి దగ్గర కొంత, చీలమండ దగ్గర కొంత వదిలేస్తారు. కొన్నాళ్లు కుంటు ఉంటుంది, తర్వాత సర్దుకుంటుంది. జైతున్ బీ అంతా వింది. నమ్మినట్టు మాత్రం ముఖంలో కనపడలేదు.

"చెప్తే కాదు, చూపించాలి," అని డాక్టరు ఎవరికో ఫోన్ చేసింది.

మర్నాడు సాయంత్రం బన్సీలాల్‌పేట్ నుంచి కామరాజు అనే ఆయన కార్ఖానాలో జైతున్ బీ ఇంటికి వచ్చాడు. రైలు పట్టాలు సరిగ్గా ఉన్నాయో లేదో చూస్తూ లైను వెంట నడిచే ఉద్యోగం ఆయనది. అంతకు మూడేళ్ల ముందు ఇదే జబ్బుకు, ఇదే ఆపరేషన్ ఈ డాక్టరే ఆయనకు చేసింది. డోరా ఆయన్ని బస్టాపు నుంచి తీసుకొచ్చింది.

కామరాజు ప్యాంటు మడిచి కాలు చూపించాడు. పక్కన పొడుగ్గా మచ్చ ఉంది. జైతున్ బీ వంగి, బట్ట నాణ్యం చూసినట్టు దగ్గర నుంచి చూసింది.

"నడుస్తవా అన్నా?"

"రోజూ నడుసుడే గద నా కొలువు."

"నడుసుడు వేరు, తొక్కుడు వేరు. జెర ఆ స్టూలు మీద కూసో."

కామరాజు డోరా వైపు చూశాడు. డోరా కూర్చోమన్నట్టు తల ఊపింది. ఆయన మిషన్ ముందు కూర్చుని రెండు పాదాలూ పెడల్ మీద పెట్టాడు. చక్రం మొదట వెనక్కి తిరిగి దారం చిక్కుపడింది. జైతున్ బీ దాన్ని విడదీసి, ఒక పాత గుడ్డ సూది కింద పెట్టింది. పెడల్ ఎలా తొక్కాలో పక్కన నిలబడి చెప్పింది. రెండోసారి చక్రం ముందుకే తిరిగింది. కామరాజు తొక్కుతూ పోయాడు. ఆయన తొక్కుతుంటే జైతున్ బీ గుడ్డను చూడలేదు, ఆయన చీలమండనే చూస్తూ నిలబడింది. గుడ్డ చివరిదాకా వచ్చాక ఆయన ఆపాడు.

"కుట్టు మొత్తం వంకర పోయింది చెల్లె," అన్నాడు.

"అది నీ చేతి తప్పు. కాలు మంచిగనే పనిచేస్తున్నది," అంది జైతున్ బీ.

పళ్లకు తీగ కట్టి ఉండగానే ఆమె నవ్వింది. ఆ తర్వాత కామరాజు టీ తాగుతూ ఉన్నదున్నట్టు చెప్పాడు. మొదట్లో కాలి బొటనవేలు పైకి లేచేది కాదట. చలికాలం చీలమండ పట్టేస్తుందట. కింది పెదవి ఒక పక్క ఇప్పటికీ మొద్దుబారే ఉంటుంది, అన్నం మెతుకు అంటుకుంటే తెలియదు, పెళ్లాం సైగ చేస్తే తుడుచుకుంటాడు.

"తక్లీఫ్ లేదని నేననను. ఉంటది. కానీ మళ్ల రాలే," అన్నాడు.

జైతున్ బీ మరునాడే దవాఖానాకు వెళ్లి పేరు రాయించుకుంది. అప్పుడు డాక్టరును ఒకటే అడిగింది, ఏ కాలి నుంచి తీస్తారని. రక్తనాళాలు రెండు వైపులా బాగుంటే మీ ఇష్టమే అంది డాక్టరు.

"అయితే ఎడమది తీయండి. మిషన్‌ను ఆపేది కుడి కాలు."

ఆపరేషన్ పొద్దున మొదలై సాయంత్రానికి గానీ ముగియలేదు. ఒకరు దవడ దగ్గర, ఒకరు కాలి దగ్గర పనిచేశారు. బుడగలు పట్టిన ఎముకను తీసేసి, కాలి ఎముకను ఒకచోట కోసి దవడ వంపుకు తగినట్టు మలిచి, లోహపు పట్టీతో బిగించారు. దానితో వచ్చిన సన్నటి రక్తనాళాలను మెడలోని నాళాలకు సూక్ష్మదర్శిని కింద కుట్టారు. బయట షంషీర్ ఒక చివర, డోరా ఒక చివర కూర్చున్నారు. ఇద్దరి పెదవులూ కదులుతున్నాయి, ఎవరి ప్రార్థన వాళ్లది. మధ్యాహ్నం డోరా టిఫిన్ డబ్బా విప్పి, సగం అన్నం మూతలో పెట్టి అతనికిచ్చింది.

స్పృహ వచ్చాక జైతున్ బీ ముక్కులో గొట్టం ఉంది, మాట రాదు. ముఖం ఉబ్బి ఉంది. నర్సు అద్దం తెస్తే వద్దన్నట్టు చెయ్యి ఊపి, దుప్పటి కాళ్ల మీంచి తీయమని సైగ చేసింది. ఎడమ పాదం కట్టులో ఉంది, వేళ్ల కొసలు మాత్రం కనపడుతున్నాయి. వాటిని కదిలించింది. కదిలాయి, బొటనవేలు తప్ప. అది సరేననుకుని కళ్లు మూసుకుంది. అద్దం మర్నాడు చూసుకుంది.

తీసిన ఎముకను పరీక్షించి, అంచుల్లో ఎక్కడా జబ్బు మిగల్లేదని చెప్పారు. కొన్నాళ్లు గొట్టంలోంచి పాలూ, జావా. తర్వాత గంజి, మెత్తని అన్నం. వాకర్ పట్టుకుని వరండాలో నడక. ఇంటికొచ్చాక మొదటిసారి మిషన్ ముందు కూర్చుంటే ఎడమ పాదం జారిపోయింది. కళ్లనీళ్లు వచ్చాయి. బానో పాదం పక్కన పాత బెల్టు ముక్క బిగించి జారకుండా చేసింది. వేసవి నాటికి ఆ బెల్టుతో పని లేకపోయింది. ఆ ఏడు మొదటి పెళ్లి జాకెట్టు కుట్టడానికి మామూలుకంటే ఎక్కువ కాలం పట్టింది. పెళ్లివాళ్లు ఓపిక పట్టారు.

నఖాబ్ వేసుకోవడం మానేసి మళ్లీ తల మీద దుపట్టాతోనే బయటికి వచ్చింది. దవడ కింద గీతలా మచ్చ ఉంది, ఎడమ చెంప కొంచెం లోపలికి ఉంది. సందులో ఆడవాళ్లు ఆశ్చర్యంగా చూస్తే, "నేను గడ్డను దాసుకునేటందుకు ఏసుకున్న. మీరు వేరే అనుకున్నరు, నేను ఊకున్న. దువా మాత్రం మనసుతోనే చేసిన," అని చెప్పింది. ఆ మాటకు ఎవరూ బాధపడలేదు. వాళ్లలో ఒకామె మర్నాడు తన చెల్లెల్ని తీసుకొచ్చింది. ఆ అమ్మాయికి పై దవడలో నొప్పి లేని వాపు. జైతున్ బీ ఆమెను వెంటబెట్టుకుని దవాఖానాకు వెళ్లింది. అది నీటితిత్తి అని తేలింది, చిన్న ఆపరేషన్‌తో పోయింది.

ఆ రోజు ఓపీలో జైతున్ బీ ఒకటి గమనించింది. లీలాకుమారి డాక్టరు ఆ అమ్మాయి నోరు తెరవమనే ముందు, "ఏం పని చేస్తావమ్మా?" అని అడిగింది.

కొన్నాళ్లకు అమర్చిన ఎముకలో స్క్రూల్లాంటి ఆధారాలు పెట్టి, వాటి మీద కట్టుడు పళ్లు బిగించారు. ఏటేటా ఎక్స్‌రే తీసేవారు. ఐదో ఏడు కూడా ఫిల్ములో కాలి ఎముక దవడ ఎముకతో బాగా కలిసిపోయి కనపడింది. కొత్త బుడగలేవీ లేవు. డాక్టరు మళ్లీ ఏడాదికి రమ్మంది.

బయటికొచ్చాక షంషీర్ ఆటో పిలవబోతే జైతున్ బీ వద్దంది. కొంత దూరం నడుద్దామంది. చలికాలం కావడంతో ఎడమ చీలమండ కొంచెం పట్టేసింది. అయినా ఆగలేదు. దారిలో బొగ్గుల మీద మొక్కజొన్న కంకులు కాలుస్తున్నారు.

"డాక్టరమ్మ గట్టివి తినొద్దన్నది గద," అన్నాడు షంషీర్.

"కొరకను. ఒలుచుకుని తింట," అని ఆమె లేత కంకి ఏరుకుంది. ఇద్దరూ గింజలు ఒలుచుకుని తింటూ కార్ఖానా వైపు నడిచారు. పెదవి మీద ఒక గింజ పొట్టు అంటుకుంది. షంషీర్ సైగ చేశాడు. ఆమె దుపట్టా కొసతో తుడుచుకుని, వచ్చే నెల ఉన్న పెళ్లిళ్ల సంగతి చెప్పడం మొదలుపెట్టింది.